ఓటు లేకపోతే నోరు కూడా లేనట్టేనా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కెనడాలోని లండన్ నుంచే. టొరంటో నుంచి పడమర వైపు రెండు గంటల డ్రైవ్, ఒంటారియో ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది). అక్కడి నది పేరు కూడా థేమ్సే. 2016లో 3,83,822 మంది ఉన్న ఊరు 2021 జనాభా లెక్కలకు 4,22,324 అయింది, ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంది, మనవాళ్లూ బాగానే చేరారు. 2026 అక్టోబర్ 26న అక్కడ మునిసిపల్ ఎన్నికలు. అందుకే కాబోలు అందరికీ ఒక్కసారిగా సిటీ హాల్ గుర్తొచ్చింది. మంచిదే, అడగండి.

ప్ర: అన్నగారూ, మేము పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద ఉన్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పన్నులు కడుతున్నాం, ఇల్లు కూడా కొన్నాం. అయినా సిటీ ఎలక్షన్లలో మాకు ఓటు లేదని ఆఫీసులో చెప్పారు. ఇల్లుంటే చాలని ఎవరో అన్నారే? ఓటే లేనప్పుడు ఈ గొడవంతా మనకెందుకు అని మా ఆయన అంటారు. – ఒక పాఠకురాలు, హైడ్ పార్క్ వైపు నుంచి

జ: ఆఫీసులో చెప్పిందే నిజమమ్మా. ఒంటారియోలో మునిసిపల్ ఓటుకు కెనడా సిటిజన్ అయి ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆ ఊళ్లో నివాసమన్నా ఉండాలి లేదా అక్కడ ఇల్లో స్థలమో సొంతానికో అద్దెకో ఉండాలి, లేదంటే అలా ఉన్నవాళ్లకు భార్యో భర్తో అయినా కావాలి. ఇల్లుంటే చాలన్న మాట ఆ ఇంటి ముక్క ఒక్కటే విని పుట్టింది. సిటిజన్‌షిప్ లేకపోతే మిగతావి ఎవరూ అడగరు.

మీ ఆయన మాట మాత్రం నేను ఒప్పుకోను. 2022లో లండన్‌లో ఓటున్న నలుగురిలో ఒక్కరే ఓటేశారు. పద్నాలుగు వార్డులు, వార్డుకొక కౌన్సిలర్, కొన్ని వేల ఓట్లొస్తే గెలుపు. ఇక్కడ మునిసిపల్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, పై నుంచి బీ-ఫామ్ ఇచ్చేవాడుండడు, కాబట్టి కౌన్సిలర్‌కి వచ్చే ఈమెయిల్స్‌నే జనాభిప్రాయం అనుకోవాల్సిన పరిస్థితి. ఒకే వీధి నుంచి ఒకే విషయం మీద పదిహేను మంది ఎవరి మాటల్లో వాళ్లు రాస్తే అతను ఆ వీధికి వచ్చి చూస్తాడు. ఆ పదిహేను మందిలో సిటిజన్లెందరు, పీఆర్‌లెందరు అని లెక్కపెట్టడు. ఒకే మెసేజ్‌ని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకుని పదిహేను మందీ అదే పంపితే మాత్రం ఒక్కటి కిందే జమ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కౌన్సిలర్‌గా పోటీ చేసేవాళ్లకు చందా ఇవ్వడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు, మామూలుగా ఒంటారియోలో నివసించే మనిషైతే చాలు. ఒక అభ్యర్థికి 1,200 డాలర్లు దాటకూడదు, ఒకే కౌన్సిల్‌కి పోటీ చేసేవాళ్లందరికీ కలిపి 5,000 దాటకూడదు, నోట్ల రూపంలో అయితే 25 డాలర్ల వరకే. కంపెనీలూ యూనియన్లూ ఇవ్వకూడదు. ఇది మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కాంట్రాక్ట్ ఉద్యోగాల కోసం సొంత కార్పొరేషన్ పెట్టుకున్నవాళ్లు అలవాటుగా కంపెనీ ఖాతా నుంచే చెక్కు రాసేస్తారు. అది చెల్లదు, తీసుకున్న అభ్యర్థికీ తలనొప్పి. ఇంటింటికీ తిరిగి ప్రచారం చేయడానికి, ప్లానింగ్ మీటింగుల్లో లేచి మాట్లాడటానికి కూడా ఓటుతో పనిలేదు. మాట్లాడటానికి ఐదు నిమిషాలిస్తారు. మన సభల్లో అధ్యక్షుల వారి తొలి పలుకులకే అది చాలదు కాబట్టి రాసుకుని వెళ్లండి.

ప్ర: కొత్త ఇల్లు కొని ఏడాదిన్నర దాటింది. ప్రాపర్టీ టాక్స్ చాలా తక్కువ వస్తోందని సంతోషంగా ఉన్నాం. ఇప్పుడు సిటీ నుంచి ఒకేసారి వేల డాలర్ల బిల్లు వచ్చింది. ఇది మోసమా? బిల్డర్ మీద కేసు వేయాలా? – టెన్షన్‌లో ఉన్న పాఠకుడు

జ: మోసం కాదు, బిల్డర్ తప్పు కూడా కాదు. ఇన్నాళ్లూ మీరు కట్టింది ఖాళీ స్థలానికి. ఇంటి విలువ లెక్కగట్టేది సిటీ కాదు, ఎంప్యాక్ అనే ప్రావిన్స్ స్థాయి సంస్థ. బిల్డర్ తాళాలు ఇచ్చిన రోజున వాళ్ల రికార్డులో మీది ఇంకా మట్టి నేలే. వాళ్లు తీరిగ్గా ఇంటిని లెక్కలోకి ఎక్కించాక, మీరు ఉండటం మొదలుపెట్టిన రోజు నుంచీ లెక్కేసి సిటీ అదనపు బిల్లు పంపుతుంది. నడుస్తున్న ఏడాదితో పాటు వెనక్కి రెండేళ్ల దాకా వెళ్లే అధికారం చట్టంలోనే ఉంది. కొత్త సబ్‌డివిజన్‌లో (ఇళ్ల కాలనీలో) ఇల్లు కొన్న ప్రతివాళ్లకూ వచ్చేదే ఇది, లాయర్లు ఒక్కోసారి చెప్తారు, మనం ఆ హడావుడిలో వినం. మొదటి ఏడాది తక్కువ వచ్చిందని మురిసిపోకుండా ఆ తేడాని పక్కన పెట్టుకోమని కొత్తగా కొనబోయేవాళ్లకు చెప్పండి. బ్యాంకు మార్ట్‌గేజ్‌తో కలిపి టాక్స్ వసూలు చేస్తున్నా సరే, ఈ అదనపు బిల్లు చాలాసార్లు నేరుగా మీ ఇంటికే వస్తుంది, బ్యాంకు కట్టేసి ఉంటుందిలే అనుకుంటే ఆలస్యానికి వడ్డీ పడుతుంది.

వాళ్లు వేసిన విలువ ఎక్కువనిపిస్తే అడగొచ్చు. ఎంప్యాక్ వెబ్‌సైట్లో మీ నోటీసు మీద ఉన్న నంబర్లతో లాగిన్ అయి చుట్టుపక్కల ఇళ్లకు ఎంత వేశారో చూసుకోండి. అన్యాయమనిపిస్తే పునఃపరిశీలనకు పెట్టండి, మామూలు ఇళ్లకు ఫీజు లేదు, గడువు నోటీసు మీదే ఉంటుంది. అయితే ఒక మెలిక ఉంది. ఒంటారియోలో ఇళ్ల విలువలు ఇప్పటికీ 2016 జనవరి 1 నాటి ధరల ప్రకారమే నడుస్తున్నాయి. 2020లో మార్చాల్సింది కోవిడ్‌తో ఆగి అలాగే ఉండిపోయింది. కాబట్టి "నేను ఎనిమిది లక్షలు పెట్టి కొంటే నాలుగు లక్షలే వేశారు, ఏదో పొరపాటు" అని మీరే ఫోన్ చేసి చెప్పకండి.

ప్ర: మరి విలువలు పదేళ్ల కిందటివే అయితే టాక్స్ ఏటా ఎందుకు పెరుగుతోంది? ఈ మేయర్‌కి ముఖ్యమంత్రి లాంటి పవర్ వచ్చిందట, ఆయనే పెంచేస్తున్నాడా? – ఒక రిటైర్డ్ పెద్దాయన, కొడుకు ఇంట్లో ఉంటున్నవారు

జ: పెంచేది బడ్జెట్టండీ, ఇంటి విలువ కాదు. ఊరికి ఈ ఏడు ఎంత ఖర్చవుతుందో ముందు తేల్చి, దాన్ని ఇళ్ల మీద పంచుతారు. 2024లో లండన్‌లో సగటున 8.7 శాతం పెరిగింది, అందులో పోలీసు బడ్జెట్ వాటా బాగా పెద్దది, దాని మీద ఊళ్లో గట్టి వాదనలే జరిగాయి. బిల్లులో కొంత భాగం స్కూళ్ల కోసం, ఆ రేటు ప్రావిన్స్ నిర్ణయిస్తుంది.

పవర్ సంగతి మీరు విన్నది చాలావరకు నిజమే. 2022లో ప్రావిన్స్ ప్రభుత్వం టొరంటో, ఆటవా మేయర్లకు అదనపు అధికారాలిచ్చింది, 2023 జూలైలో లండన్‌తో సహా మరికొన్ని ఊళ్లకు విస్తరించింది. బడ్జెట్‌ను ఫిబ్రవరి 1 లోపు మేయరే ప్రతిపాదించాలి. కౌన్సిల్ మార్పులు చేయొచ్చు, ఆ మార్పుల్ని మేయర్ వీటో చేయొచ్చు, ఆ వీటోను మూడింట రెండు వంతుల మందితో కౌన్సిల్ కొట్టేయొచ్చు. ఇళ్ల నిర్మాణం లాంటి ప్రావిన్స్ ప్రాధాన్యాలకు సంబంధించిన బైలా (సిటీ చేసే చట్టం) అయితే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మంది వెంట ఉంటే చాలు, పాస్ అయిపోతుంది. అంటే మెజారిటీ వద్దన్నా నెగ్గొచ్చు. మీరు అక్కడ చూసినదానికి ఇది పూర్తిగా తిరగేసిన వ్యవహారం. మన కార్పొరేషన్లలో మేయర్‌కి కుర్చీ, కారు, దండలు, అసలు ఫైలు కమిషనర్ దగ్గర. ఇక్కడ ముఖ్య అధికారిని నియమించే అధికారం కూడా ఇప్పుడు మేయర్‌దే.

ఇప్పటి మేయర్ జోష్ మోర్గన్ 2022లో గెలిచారు. ఆయన మంచివాడా కాదా అన్నది పక్కన పెడితే, మేయర్‌తో కలిపి పదిహేను మంది తేల్చాల్సింది ఒక్కరి చేతికి ఇవ్వడం నాకు నచ్చదు, రేపు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు కదా. మీకు ఓటుందో లేదో రాయలేదు. ఉంటే మేయర్ పేరు మీద వేసే టిక్కు విలువ మునుపటి కంటే ఇప్పుడు ఎక్కువ.

ప్ర: 2018లో లండన్‌లో అభ్యర్థులకు 1, 2, 3 అని నంబర్లు వేశారని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమా? ఇప్పుడెందుకు లేదు? – విద్యార్థి, ఫాన్‌షా కాలేజీ

జ: నిజం. కెనడాలో మునిసిపల్ ఎన్నికలకు ఆ పద్ధతి ఈ కాలంలో మొదట వాడిన ఊరు లండనే. ముగ్గురి దాకా వరస పెట్టొచ్చు. నీకు కొత్తగా అనిపించొచ్చు గానీ ఇంట్లో డిగ్రీ చదివిన పెద్దవాళ్లని అడుగు, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో వాళ్లు వేసింది ఇలాంటి ఓటే. మొదటి ప్రాధాన్యతతో ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా కింద ఉన్నవాడిని తీసేసి అతని ఓట్లు రెండో ప్రాధాన్యత ప్రకారం పంచడం, మళ్లీ లెక్క. మన దగ్గర నల్గొండ-ఖమ్మం-వరంగల్ లెక్కింపు రోజుల తరబడి సాగి టీవీ వాళ్లకు పండగైంది, లండన్‌లో మేయర్‌గా ఎడ్ హోల్డర్ గెలిచాడని తేలడానికి మర్నాటి దాకా పట్టింది. అంతే తేడా.

ఎందుకు పోయిందంటే, 2020 నవంబర్‌లో ప్రావిన్స్ ప్రభుత్వం ఒక చట్టం చేసి మునిసిపాలిటీలకు ఆ వీలు తీసేసింది. కింగ్‌స్టన్, కేంబ్రిడ్జ్ ఊళ్లలో 2018లోనే జనం రిఫరెండంలో ఈ పద్ధతి కావాలన్నారు, వాళ్లకు ఒక్కసారి కూడా వాడుకునే అవకాశం రాలేదు. ఈ దేశంలో మునిసిపాలిటీ అంటే ప్రావిన్స్ పెట్టిన పిల్ల సంస్థ, రాజ్యాంగంలో దానికంటూ సొంత అధికారం లేదు. మనకు కనీసం 74వ సవరణ ఉంది, అది ఎంత అమలైందన్నది వేరే కథ. స్కూలు బోర్డుల్లోనూ ఇదే, 2025లో లండన్ ప్రాంతపు థేమ్స్ వ్యాలీ స్కూల్ బోర్డు మీద ప్రావిన్స్ సూపర్‌వైజర్‌ను పెట్టేసింది, జనం ఎన్నుకున్న ట్రస్టీల మాట పక్కకు పోయింది.

ప్ర: వెల్లింగ్‌టన్ రోడ్డు ఎన్నేళ్లు తవ్వుతారు? డ్యూటీకి రోజూ లేటు. ఆ బస్సు లైన్ మా వైపు రానే రాదట, మా డబ్బెందుకు? – ఫ్యాక్టరీ ఉద్యోగి

జ: కోపం అర్థమైంది. ఆ తవ్వకం బస్సులకు విడి దారి వేసే ర్యాపిడ్ ట్రాన్సిట్ కోసమే. మొదట అనుకున్న ప్రకారం అది నాలుగు దిక్కులకూ వెళ్లాలి. దాని మీద ఊరు రెండుగా చీలింది, డౌన్‌టౌన్ వ్యాపారులు ఒకవైపు, విద్యార్థులూ యూనివర్సిటీ ఒకవైపు, 2018 ఎన్నికలంతా దాదాపు ఇదే గొడవ. 2019లో కౌన్సిల్ డౌన్‌టౌన్ లూప్, తూర్పు, దక్షిణం ఉంచి ఉత్తరం, పడమర కొట్టేసింది. అంటే వెస్టర్న్ యూనివర్సిటీ వైపు వెళ్లాల్సిన లైనూ, కొత్త ఇళ్లు మొలుస్తున్న పడమర వైపు లైనూ రెండూ పోయాయి. మీ వైపు రాకపోవడానికి కారణం ఇంజినీర్లు కాదు, ఆ రోజు చేతులెత్తిన కౌన్సిలర్లు, వాళ్లకు వద్దు వద్దని రాసిన మీ వైపు పాత నివాసులు. అప్పటికి మీలాంటివాళ్లు చాలామంది ఇంకా ఈ ఊరికే రాలేదు. ఈసారి మీ ఇంటి తలుపు కొట్టే అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న ఇదే: ఆ రెండు లైన్ల సంగతి నువ్వేమంటావు, అవునా కాదా? "అన్నీ పరిశీలిస్తాం" అంటే కాదనే అర్థం.

ప్ర: మా సబ్‌డివిజన్ దగ్గర ఇల్లులేనివాళ్ల కోసం కేంద్రం పెడతారని వార్త. మన తెలుగువాళ్ల గ్రూపులో పిటిషన్ తిరుగుతోంది, "డ్రగ్స్ వాళ్లు వస్తారు, పిల్లలకు ప్రమాదం, ఇళ్ల రేట్లు పడిపోతాయి" అని. సంతకం పెట్టకపోతే అందరూ అడుగుతున్నారు. పెట్టమంటారా? – పేరు వద్దన్న పాఠకురాలు

జ: పెట్టొద్దనే చెప్తానమ్మా, అయితే మీ భయాన్ని తక్కువ చేసి కాదు.

ముందు సంగతేమిటో చూద్దాం. థేమ్స్ ఒడ్డున, డౌన్‌టౌన్ సందుల్లో గుడారాలు మీరు చూసే ఉంటారు. 2023 జనవరిలో లండన్‌లో ఆస్పత్రులు, సేవా సంస్థలు, పోలీసులు, సిటీ కలిసి ఒక ప్రణాళిక వేసుకున్నారు, ఊళ్లో ఒక కుటుంబం పేరు చెప్పకుండా 2.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. పేరు చెప్పకుండా! మనం గుడికి ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద పేరు రాయిస్తాం. హబ్‌ల పేరుతో పన్నెండుకు పైగా చిన్న కేంద్రాలు ఊరంతా పెట్టాలనుకున్నారు, తెరుచుకున్నవి కొన్నే. డబ్బు ఒక్కటే కారణం కాదు, ఎక్కడ పెడదామన్నా చుట్టుపక్కల వాళ్లు ఇలాంటి పిటిషన్‌తోనే వచ్చారు. ఫలితం? ఆ మనుషులు ఎక్కడికీ పోలేదు, మంచులో నది ఒడ్డునే ఉన్నారు.

ఇక పిటిషన్ పనికొస్తుందా అంటే, అందులో రాసిన తీరుకు పనికిరాదు. ఒంటారియోలో జోనింగ్ అనేది స్థలాన్ని దేనికి వాడాలో చెప్పడానికి, ఎలాంటి మనుషులు ఉండాలో చెప్పడానికి కాదు. "ఇలాంటివాళ్లు మా పక్కన వద్దు" అన్న వాదనను ప్లానింగ్ కమిటీ లెక్కలోకి తీసుకోకూడదు. పైగా మీరు పంపినదంతా మీటింగ్ అజెండాలో మీ పేరుతో సహా అందరికీ కనిపించేలా పెడతారు, రేపు మీ పిల్లలు వెతికినా దొరుకుతుంది. ఆ వాక్యం కింద మన ఇంటిపేర్లన్నీ వరసగా ఉండటం నాకైతే సిగ్గనిపిస్తుంది. మనం బేస్‌మెంట్లలో అద్దెకున్న రోజుల్లో మన గురించి కూడా ఇవే మాటలు రాశారండీ, కార్లు ఎక్కువ, మనుషులు ఎక్కువ, వంట వాసన అని.

అలాగని నోరు మూసుకోమనడం లేదు. రాత్రిపూట సిబ్బంది ఎంతమంది? బయట లైట్లు, కెమెరాలు? లోపల చోటు లేక వెనక్కి పంపినవాళ్లు ఎక్కడికి వెళ్తారు? పారేసిన సూదులు ఎవరు ఎప్పుడు ఏరుతారు? ఇబ్బంది వస్తే అర్ధరాత్రి ఎత్తే ఫోన్ నంబరేది? స్కూలు వదిలే టైంలో దారి ఏది? ఇవి అడగండి, సమాధానం రాతపూర్వకంగా ఇమ్మని పట్టుబట్టండి. నా మాట వింటే ఆ పిటిషన్ పక్కన పెట్టి ఈ ప్రశ్నలతో ఒక ఉత్తరం మీరే మొదలుపెట్టండి. గ్రూపులో మీలాగే ఇబ్బంది పడుతూ మౌనంగా ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లు మీ దాని కింద సంతకం పెడతారు. కొందరు మాట్లాడటం మానేస్తారు కూడా, అది నిజం. ఇళ్ల రేట్ల గురించి బెంగపడేవాళ్లకు నా దగ్గర ఓదార్పు లేదు.

ప్ర: మా అమ్మ సైడ్‌వాక్ మీద ఐసు మీద జారిపడి చెయ్యి విరిగింది. సిటీ పరిహారం ఇస్తుందా? – ఒక పాఠకుడు

జ: ముందు ఈ పని చేయండి, మిగతాది తర్వాత చదవండి. పడిన పది రోజుల లోపు సిటీ క్లర్క్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, తేదీ, సమయం, సరిగ్గా ఎక్కడ, ఏమైంది అని. ఫోన్ చేసి చెప్తే చెల్లదు. ఐసు కరిగిపోయేలోపే ఫోటోలు తీయండి. పది రోజులు దాటితే సరైన కారణం చూపించుకోవాల్సి వస్తుంది. సైడ్‌వాక్ మీద మంచు, ఐసు విషయంలో సిటీది మామూలు నిర్లక్ష్యమైతే చాలదు, ఘోరమైన నిర్లక్ష్యమని నిరూపించాలి, కాబట్టి ఆశ ఎక్కువ పెట్టుకోకుండా లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. షాపు పార్కింగ్‌లోనో ఎవరి డ్రైవ్‌వేలోనో పడితే ఈ రూల్స్ కాదు, వేరే. అమ్మగారికి త్వరగా తగ్గాలి.

ప్ర: అన్నా, బేస్‌మెంట్‌లో తొమ్మిది మందిమి ఉంటున్నాం. ఓనర్ కూడా మనవాడే. డ్యామేజ్ డిపాజిట్ అని 800 తీసుకున్నాడు, కిటికీ తెరుచుకోదు. కంప్లైంట్ చేస్తే ఖాళీ చేయిస్తానంటున్నాడు. – విద్యార్థి

జ: తమ్ముడూ, మనవాడైతే ఏంటి? ఒంటారియోలో డ్యామేజ్ డిపాజిట్ తీసుకోవడమే చట్టవిరుద్ధం. ఆఖరి నెల అద్దె ఒక్కటి ముందుగా తీసుకోవచ్చు, తాళం చెవికి అయ్యే ఖర్చు తీసుకోవచ్చు, అంతే. డబ్బు సంగతి సిటీకి సంబంధం లేదు, ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు వెళ్లాలి. ఒక్క షరతు, ఓనరో వాళ్ల ఇంట్లోవాళ్లో మీతో ఒకే వంటగదో బాత్‌రూమో పంచుకుంటూ ఉంటే ఆ చట్టం మీకు వర్తించదు, చాలామంది ఓనర్లు దీన్నే అడ్డం పెట్టుకుంటారు. కిటికీ సంగతి మాత్రం ప్రాణం మీదకొచ్చేది. నిప్పంటుకుంటే తొమ్మిది మంది ఒక్క మెట్ల దారిలో ఎక్కాలి. అగ్నిమాపక శాఖకు ఇవాళే ఫోన్ చెయ్. లండన్‌లో ఇలాంటి చిన్న ఇళ్లు అద్దెకివ్వడానికి సిటీ లైసెన్స్ కావాలి, నీ ఓనర్‌కి ఉందో లేదో సిటీని అడుగు. ఖాళీ చేయిస్తానని బెదిరించినంత మాత్రాన ఖాళీ అయిపోదు, బోర్డు ఆర్డర్ ఉండాలి, దాన్ని అమలు చేసేది షెరిఫ్ అనే కోర్టు అధికారి, ఓనర్ బావమరిది కాదు. అయితే చెప్పేది నిజాయితీగా చెప్పాలి కదా, తనిఖీకి వచ్చినవాళ్లు ఆ బేస్‌మెంట్ ఉండటానికే పనికిరాదంటే మీరందరూ వేరే చోటు వెతుక్కోవాల్సిందే. ముందే రెండు మూడు గదులు చూసిపెట్టుకోండి.

ప్ర: మేము కొత్తగా వచ్చాం. జూన్ 6న మా అబ్బాయి స్కూల్లో ఏదో స్మారక కార్యక్రమం అన్నారు. ఏమిటది? – ఒక తల్లి

జ: 2021 జూన్ 6 సాయంత్రం, హైడ్ పార్క్ రోడ్డులో నడకకు బయల్దేరిన ఒక ముస్లిం కుటుంబాన్ని ఒకడు కావాలని ట్రక్కుతో గుద్ది చంపాడు. తండ్రి, తల్లి, పదిహేనేళ్ల కూతురు, నానమ్మ చనిపోయారు. తొమ్మిదేళ్ల బాబు ఒక్కడే మిగిలాడు. అఫ్జాల్ కుటుంబం, పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు. 2023లో జ్యూరీ దోషి అంది, 2024లో జడ్జి అది ఉగ్రవాద చర్య అని తేల్చి యావజ్జీవం వేశారు. వాళ్లు వేసుకున్న బట్టలు చూసి గుద్దాడని కోర్టులో బయటపడింది. సాయంత్రం కుర్తాలు, పంజాబీ డ్రెస్సులు వేసుకుని అదే రోడ్డులో నడిచేది మనమూ. బాబుతో పాటు మీరూ వెళ్లండి.

ప్ర: ఈసారి బతుకమ్మ పార్కులో చేద్దామనుకుంటున్నాం, మూడొందల మంది రావచ్చు. పర్మిషన్ కావాలా? మా ఇంటి వెనక చెరువు ఉంది, అందులో వదలొచ్చా? దీపావళికి బాంబులు? – కొత్త సంఘం కార్యదర్శి

జ: మూడొందల మంది అంటే కచ్చితంగా కావాలి. పార్కు బుకింగ్, మైకు పెడితే దానికి అనుమతి, సిటీ పేరు కూడా చేర్చిన లయబిలిటీ ఇన్సూరెన్స్, వండి వడ్డిస్తే హెల్త్ యూనిట్‌కి ముందుగా సమాచారం. వేసవి మొదట్లోనే అడగండి. సద్దుల బతుకమ్మ వచ్చేసరికి చలి మొదలై చీకటి కూడా త్వరగా పడుతుంది, అందుకని దగ్గర్లో ఒక కమ్యూనిటీ సెంటర్ హాలు కూడా పట్టి ఉంచండి.

మీ ఇంటి వెనకది చెరువు కాదు. వాన నీళ్లు ఒక్కసారి నదిలోకి పోకుండా ఆపడానికి సిటీ తవ్వించిన గుంట. లోపల ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, చలికాలంలో ఐసు పల్చగా ఉంటుంది, దిగడం ప్రమాదం. తంగేడు ఎలాగూ దొరకదు, బంతి, చామంతి, గోల్డెన్‌రాడ్ పేరుస్తారు కదా, పెద్ద టబ్బులో వదిలి తర్వాత పూలు మొక్కలకు వేసుకోండి. బాంబుల సంగతి ఊరికొక రూలు. బ్రాంప్టన్‌లో 2022 తర్వాత ఇళ్ల దగ్గర కాల్చడం పూర్తిగా నిషేధం, ఇంకో ఊళ్లో వేరేలా ఉండొచ్చు. అక్కడి చుట్టాల మాట పట్టుకుని లండన్‌లో వెలిగించకండి, మీ సిటీ బైలా చదవండి.

ప్ర: సిటిజన్‌షిప్ వచ్చి మూడేళ్లయింది. ఈసారి కౌన్సిలర్‌గా నిలబడదామని ఉంది. మన సంఘంవాళ్లంతా సపోర్ట్ చేస్తామన్నారు. ఏం చేయాలి? – ఉత్సాహవంతుడు

జ: నామినేషన్లు మే 1 నుంచి ఆగస్టు 21 మధ్యాహ్నం రెండింటి దాకా. వంద డాలర్ల ఫీజు, మేయర్‌కైతే రెండు వందలు, ఎన్నికల తర్వాత ఖర్చుల లెక్క టైముకి ఇస్తే తిరిగి ఇస్తారు. ఓటున్న ఇరవై ఐదు మంది సంతకాలు కావాలి. నామినేషన్ వేయకముందు ఒక్క డాలర్ కూడా వసూలు చేయకూడదు, ఖర్చు పెట్టకూడదు, బోర్డులు ప్రింట్ చేయించకూడదు. మన ఉత్సాహంలో జనవరిలోనే ఫ్లెక్సీ పెట్టేస్తాం కాబట్టి చెప్తున్నా.

ఇక సంఘం సపోర్ట్. ఆ వాగ్దానం చేసినవాళ్ల లిస్టు తీసి, మీ వార్డులో ఉన్నవాళ్లెందరు, వాళ్లలో సిటిజన్లెందరు, పేరు ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లెందరు అని చూడండి. 2024 నుంచి ఆ జాబితా ఎలక్షన్స్ ఒంటారియో చూస్తోంది, వాళ్ల సైట్‌లో ఎవరికి వాళ్లు సరిచూసుకోవచ్చు. చివరికి ఓ నలభై మంది మిగులుతారు. వాళ్లు చాలా అవసరమే, కరపత్రాలు పంచడానికి. మిమ్మల్ని గెలిపించాల్సింది మాత్రం మీ వార్డులో ముప్పై ఏళ్లుగా ఉంటూ ప్రతిసారీ తప్పకుండా ఓటేసే ముసలావిడ. ఆవిడకి మీరు తెలుగువాళ్లా తమిళులా అన్నది అక్కర్లేదు, ఆవిడ వీధిలో స్నో ఎప్పుడు తీస్తారో కావాలి. నామినేషన్‌కి ముందే రెండు కౌన్సిల్ మీటింగులకు వెళ్లి చివరి దాకా కూర్చోండి, అర్ధరాత్రి దాటినా లేవకండి. డ్రైనేజీ పైపుల మీద చర్చ వింటూ నిద్ర రాకపోతే నామినేషన్ వేయండి.